సోమనర్సయ్య బండి

కిరసనాయిలు పోసిన తట్టలో గేరు చక్రాలను పాత పళ్లబ్రష్షుతో రుద్దుతోంది సునంద. లోపల పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. వాకిట్లో స్టూలు మీద కూర్చున్న ప్రభాకర్, ఆమె కడిగిచ్చిన ఒక్కో చక్రాన్నీ మెత్తని గుడ్డతో తుడిచి వెలుగుకు ఎత్తి చూసుకుంటున్నాడు.

"జర మెల్లగ. గీత పడ్డదంటే మళ్ల దొరకదు గిది" అన్నాడు.

సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులైంది. మానుకోట బస్సు డిపోలో గుమాస్తా అయిన ప్రభాకర్, పొద్దున ధర్నా టెంటులో కూర్చుని మధ్యాహ్నానికి ఈ పాత మోటారు సైకిలు ముందుకు చేరుతున్నాడు. టెంటులో వాళ్లకు పులిహోర కలిపి పంపేది సునందే. ఆ సకల జనుల్లో తనూ ఉందో లేదో ఆమెను ఎవరూ అడగలేదు.

బండి ఆమె తండ్రిది. జనగామలో మెకానిక్ షెడ్డు నడిపిన సోమనర్సయ్య, మట్టిదారుల మీది బైకు పందేలకని ముచ్చటపడి కొనుక్కున్న పాత టూ-స్ట్రోక్ బండి. పోయేముందు అల్లుడికిచ్చాడు. పదో తరగతి దాకా ఆ షెడ్డులో ఇంజన్లు విప్పింది మాత్రం సునంద. ఆ తర్వాత "పెండ్లి కావల్సిన పిల్లవు, గా గ్రీజు చేతులేంది బిడ్డా" అంటూ తండ్రే ఆమె చేతిలోంచి పానా తీసుకున్నాడు.

ప్రభాకర్ పిస్టన్ రింగులు ఎక్కించబోయి రెండు విరిచాడు. మూడోది ఆమె ముందుకు జరిపి, లేచి వెళ్లి గల్లీలోకి కనబడకుండా వాకిటి తలుపు మూశాడు. ఆ తర్వాత మూడు మధ్యాహ్నాలు ఆ తలుపు మూసే ఉంది. ఇంజను ఆమె బిగించింది. అత్త ఓదెమ్మ ముక్కు మూసుకుని "ఆడదాని చేతులు గిట్ల కంపు కొడితే అన్నమెట్ల తింటరే" అంది.

సునందకు ఆ బండి మీద కుళ్లు. నెల రోజులుగా తను దగ్గుతుంటే పక్కకు తిరిగి పడుకునే మనిషి, దాని నట్టు ఒకటి దొర్లిన చప్పుడైతే అన్నం ముందు నుంచి లేచిపోతాడు. దాని ట్యాంకును నిమిరినట్టు తన వీపు నిమిరి ఎన్నేళ్లయిందో. ఇనుప ముక్కతో పోటీ ఏమిటని తనను తానే తిట్టుకునేది. అయినా రాత్రి భర్త దాని మీద దుప్పటి కప్పి వస్తుంటే గోడ వైపు తిరిగి పడుకునేది.

మొదటిసారి స్టార్టు చేసిన రోజు వాకిలంతా తెల్లటి పొగ.

"క్లచ్చు దిక్కు ఆయిల్ సీల్ పోయింది. గేరాయిల్ ఇంజన్ల కాలుతున్నది" అంది సునంద గుమ్మంలోంచి.

"పప్పు మాడుతున్నదేమో చూస్కోపో" అన్నాడు ప్రభాకర్.

మర్నాడు మెకానిక్ కరుణాకర్ వచ్చి అదే మాట చెప్పాడు. సీలు మారింది, పొగ ఆగింది. ప్రభాకర్ బండిని అమ్మకానికి పెట్టాడు.

కొనడానికి భూపాలపల్లి నుంచి ట్రాలీ ఆటోలో జువేరియా వచ్చింది. బొగ్గు గనుల కాలనీలోని పాతికేళ్ల పిల్ల. హైదరాబాదులో రెండు మట్టి పందేల్లో దిగిందట. ఒక్క కిక్కుకు స్టార్టు చేసి గల్లీ చివరిదాకా నిలబడే నడిపి వచ్చింది.

"ఎంత మంచిగ చేసినవన్నా!"

"పొగ సూడంగనే పట్టిన, సీల్ పోయిందని. ఒక్కన్నే కూసొని బిగించిన" అన్నాడు ప్రభాకర్. ఇంట్లో ఎన్నడూ వినని మెత్తని గొంతు.

చాయ్ గ్లాసులు పట్టుకుని సునంద అక్కడే నిలబడి ఉంది. భర్త మరో ఆడదానితో నవ్వుతున్నందుకు మండుతోందనుకుంది. కాదు. ఆ పిల్ల మోకాళ్ల మీది ఎర్రమట్టి మరకలను చూస్తే మండుతోంది. ఆమెను ఎవరూ తలుపు వెనక దాచలేదు.

సమ్మె ముగిసింది. ప్రభాకర్ జువేరియాకు బండి అమ్మిన డబ్బుకు మరికొంత కలిపి ఇంకా కొత్తది, నీళ్లతో చల్లబడే ఇంజను బండి తెచ్చి అదే చోట నిలబెట్టాడు. "సునందా, తట్ట తే" అన్నాడు.

ఒక ఆదివారం అతను పెట్రోలుకు వెళ్లినప్పుడు ఫోను మోగింది. జువేరియా.

"అన్న లేడా అక్కా? యాక్సిలరేటర్ వదిలేసినా బండి ఒర్రుతనే ఉన్నది."

"ఫోను ఇంజను దగ్గర పెట్టు." సునంద కళ్లు మూసుకుని విన్నది. "కార్బొరేటర్ రబ్బరు మీద సబ్బునీళ్లు పొయ్."

కాసేపటికి ఆ అరుపు తగ్గి, మళ్లీ లేచింది.

"రబ్బరు పగిలింది. గాలి లోపటికి పోతున్నది. మార్చు, సరైతది."

"అన్న చెప్పిండా అక్కా గివన్నీ?"

అవునంటే సరిపోయేది. పెట్రోలు డబ్బాతో వచ్చిన ప్రభాకర్ గుమ్మంలో ఆగిపోయాడు.

"అన్న కాదు. ఆ ఇంజను బిగించింది నేను" అంది సునంద, అతని ముఖంలోకి చూస్తూ.

"మరి గప్పుడు చెప్పకపోతివి! నడుపుతవా అక్కా నువ్వు?"

"రాదు. వచ్చే ఆదివారం భూపాలపల్లికొస్త," అంది సునంద. "నువ్వు నేర్పు."