రెండో గొంతు

"అక్కా, అమ్మగారికి ఫోన్ చేస్తే మా పాట వస్తున్నది. అమ్మగారు కూడ చర్చికి పోతున్నరా ఏంది?"

గిన్నెలు తోముతూ రోజా అడిగిన మాట సింధూరకు వెంటనే తలకెక్కలేదు. అత్తగారు సుబ్బలక్ష్మి చిక్కడపల్లిలో ఏ గుడిలో ఏ రోజు అభిషేకమో వేళ్ల మీద చెప్పగల మనిషి. వంటింట్లోంచే ఆవిడ నంబరుకు చేసి చూసింది. ట్రింగు ట్రింగుకు బదులు హార్మోనియం, తబలా. పల్లవి చివర "యేసయ్యా" అని పైకి సాగే చోట గాయనిని అంటిపెట్టుకుని ఇంకో గొంతు. సింధూర గబుక్కున కట్ చేసింది. ఆ రెండో గొంతు తనదే.

కిందటి నవంబరులో నారాయణగూడలో భానుప్రకాశ్ స్టూడియోలో పాడింది. కాలేజీ స్నేహితుడు, క్రిస్మస్ పాటకు కోరస్ కావాలన్నాడు. పెళ్లయిన పద్నాలుగేళ్లలో మైకు ముందు నిలబడటం అదే మొదలు. అమ్మకు తెలియకుండా చూసుకోమన్నాడు భర్త పవన్‌కుమార్, అంతకు మించి కాదనలేదు. పాట యూట్యూబులో తిరిగి తిరిగి రోజా వాళ్ల చర్చిదాకా వెళ్లింది. ఇప్పుడు భానుప్రకాశ్ కొత్త పాట మొత్తం తననే పాడమంటున్నాడు. సాయంత్రంలోగా చెప్పాలి. అత్తగారికి తెలిస్తే ఆ ముచ్చట అక్కడితో సరి.

పాట ఆ ఫోనులోకి ఎలా చేరిందో రోజానే తేల్చింది. మొన్న తను పనికి రాకపోతే అమ్మగారు ఫోన్ చేశారట. తన కాలర్ ట్యూన్ అదే. వినేవాళ్లు స్టార్ నొక్కితే వాళ్ల నంబరుకూ అదే పాట వస్తుంది. తెలియక నొక్కి ఉంటారని నవ్వింది. ఎవరి ట్యూన్ వాళ్లకు వినబడదు మరి.

అప్పుడు అర్థమైంది సింధూరకు, బర్కత్‌పుర పిన్నిగారు రెండు రోజులుగా ఎందుకు ముభావంగా ఉన్నారో, వ్రతం సంగతి మాట్లాడటానికి అత్తగారికి చేసిన పంతులుగారు ఎత్తగానే రాంగ్ నంబరని ఎందుకు పెట్టేశారో.

అత్తగారు స్నానంలో ఉండగా ఆవిడ ఫోన్ చేతిలోకి తీసుకుంది. ట్యూన్ తీసేసే ముందు ఒక్కసారి విందామనిపించి, తన ఫోన్ నుంచి మళ్లీ చేసింది. ఎడమ చేతిలో ఒకటి మోగుతోంది, కుడి చెవిలో ఒకటి పాడుతోంది. ఫోన్ మోత విని సుబ్బలక్ష్మి తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుంటూ వచ్చేసింది.

ఎవరని అడగలేదు. సింధూర చెవి దగ్గరి ఫోన్ తీసుకుని తన చెవికి పెట్టుకుంది. పాట ఆగిపోయేదాకా కదల్లేదు.

"పైకి వెళ్లిన చోట కాస్త శ్రుతి తగ్గావు," అంది.

"మీకు... ముందే తెలుసా అత్తయ్యా?"

"ఏం తెలియడం? ఫోన్‌లో అమ్మాయి స్టార్ నొక్కమంది, నొక్కాను."

అంతే. ఫోన్ తిరిగి సింధూర చేతిలో పెట్టి, పూజగదిలోకి వెళ్లి దీపం కుందులు తుడుచుకుంటోంది. మొహంలో కోపం లేదు, నవ్వూ లేదు. పాట నచ్చి నొక్కిందా, గొంతు గుర్తుపట్టి నొక్కిందా, తెలియకే నొక్కిందా? తీసేయమందా, ఉంచమందా? గుమ్మంలో రెండు ఫోన్లు పట్టుకుని సింధూర అలాగే నిలబడిపోయింది.

లోపలి నుంచే అత్తగారు అంది: "ఆ పంతులుగారికి చెప్పు, నంబరు ఇదేనని."

ఆ మాటకు అర్థం మూడు రకాలుగా చెప్పుకుని చూసింది సింధూర. ఏదీ కుదరలేదు. చివరికి భానుప్రకాశ్‌కు మెసేజ్ పెట్టింది: "ఎన్నింటికి రావాలి?"