మెట్లు లేని దారి

కళ్ళద్దాల దుకాణం ముందు బస్సు ఆగి ఉంది. అది కదిలితే తప్ప బోర్డు ఫోటోలోకి రాదు. డోరా ఫుట్‌పాత్ అంచున, ఎండకు కళ్ళు చికిలించి, ఫోను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. బస్సు పోయింది. దాని వెనకే ఆటో వచ్చి ఆగింది. ఆమె విసుక్కోలేదు. ఆటోవాడు చిల్లర వెతుక్కుని కదిలాక, ఆ కాస్త ఖాళీలో ఫోటో తీసి లోపలికి నడిచింది.

"పేరు ఎట్ల పెట్టాలె సార్?"

యజమాని శ్రీపతి చేతిలోని అద్దం తుడుస్తూనే చెప్పాడు. "శ్రీపతి ఆప్టికల్స్, హైదరాబాద్ నంబర్ వన్, బెస్ట్ చష్మా, నియర్ మీ."

"నియర్ మీ అని మీ అమ్మానాన్న పెట్టిన్రా?"

"ఎదురుంగున్నోడు పెట్టిండు కద మేడమ్!"

"పెట్టిండు. పోయిన నెల మ్యాపులకెళ్ళి ఆయన దుకాణమే తీసేసిన్రు. ఇప్పుడు ఇంటోళ్ళు వెతికినా దొరుకుతలేడు."

శ్రీపతి నవ్వేశాడు. "సరే తల్లీ, బోర్డు మీద ఏముంటే గదే రాయి."

దుకాణాలను ఫోను మ్యాపులో ఎక్కించడం డోరా పని. బోర్డు మీద ఉన్నదే రాయడం ఆమె పద్ధతి. ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు, శుక్రవారం నమాజుకు ఎంతసేపు కట్టేస్తారు, అన్నీ అడిగి ఫోనులో ఎక్కించేది. తర్వాత రోడ్డు మీదికి వచ్చి, ఆ దుకాణం ఎక్కడుందో తెలియని మనిషిలా ఫోను చూపించిన దారినే నడిచేది. తలుపు దాకా చేరితేనే ఆ పని అయినట్టు.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. సన్నటి మనిషి. ఇస్త్రీ నూలు చీర మీద తెల్లటి కాన్వాస్ బూట్లు వేసుకునేది. ఈ పనికి ముందు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, నంబర్లు అడిగేవాళ్ళకు జవాబు చెప్పే కుర్చీలో ఏళ్ళ తరబడి కూర్చుంది. నంబరు ఒక్కసారే చెప్పాలని అక్కడ నియమం. అడిగేవాళ్ళు దవాఖాన నంబరు అడిగితే డోరా రెండుసార్లు చెప్పేది. ఎందుకని పైవాళ్ళు అడిగితే, "గొంతు వణుకుతున్నప్పుడు చెయ్యి సరిగ్గ రాయదు సార్," అనేది. ఆ కుర్చీలు తీసేశాక, సికింద్రాబాద్‌లో చెల్లెలు ఇవాంజెలిన్ ఇంట్లో కొన్నాళ్ళు ఊరికే ఉండి చూసింది. ఉండలేకపోయింది.

మధ్యాహ్నానికి బిచ్చయ్య దగ్గరికి చేరింది.

బిచ్చయ్య అందరూ వేసుకునే చెప్పులు కుట్టడు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకు ఎత్తు మడమ బూట్లు, పోలియో కాళ్ళకు ఇనుప పట్టీలు బిగించిన బూట్లు కుడతాడు. ఆబిడ్స్ రోడ్డు మీది ఒక పాత భవనంలో, వెనక వైపు అతని మల్గీ, ఒక్క గది దుకాణం. ముందంతా చీరల దుకాణం. ఆ రోడ్డు నుంచి వస్తే నిటారు మెట్లెక్కి, పైన వరండా దాటి, మళ్ళీ వెనక మెట్లు దిగాలి. నాంపల్లి వైపు నుంచి వచ్చే పేరు లేని సందులో అయితే అతని తలుపు నేల మట్టానే ఉంది.

డోరా మ్యాపులో గుర్తును ఆ సందులోనే పెట్టింది. కాని బిచ్చయ్య బోర్డు ఆబిడ్స్ రోడ్డు వైపు గోడ మీద ఉంది. దారిన పోయే ఎవరో దాన్ని చూసి, ఫోటో తీసి, గుర్తు తప్పుగా ఉందని మంచి మనసుతోనే సరిదిద్దేవారు. గుర్తు మళ్ళీ మెట్ల దగ్గరికి పోయేది.

పోయిన వారం జహీరాబాద్ నుంచి ఒకాయన కూతుర్ని వీపున మోసుకుని వచ్చి, సగం మెట్ల మీద కూలబడి, వెనక్కి పోయాడు. పోతూ పోతూ మ్యాపులో ఆ దుకాణం కింద ఒక మాట రాశాడు. 'నడవలేనోళ్ళ దుకాణానికి గిన్ని మెట్లా?' ఎవరితోనో అది చదివించుకున్నప్పటి నుంచి బిచ్చయ్యకు అన్నం సహించడం లేదు.

"బోర్డు ముందట ఉన్నన్ని రోజులు గిట్లనే అయితది అన్నా," అంది డోరా. "దాన్ని తెచ్చి సందుల పెడదాం."

తోలులో దిగిన ఆరె అక్కడే ఆగిపోయింది.

"మేడమ్, మా నాయిన గా గోడకే ఆనుకోని చెప్పులు కుట్టిండు. దుకాణాలు తెరిచే టైముకు లేపి ఎల్లగొట్టేటోళ్ళు. గాడనే నా పేరు చూసినంక పానం ఇడిసిండు. దాన్ని తెచ్చి మురికి సందుల పెట్టాల్నా?"

అతను చెప్పిన దాంట్లో తప్పేముంది? డోరా అతని చేతుల వంక చూసి, "జర ఉండు, ఇప్పుడే వస్త," అని లేచింది.

సందులోంచి చుట్టూ తిరిగి ఆబిడ్స్ రోడ్డు మీదికి వెళ్ళింది. గుర్తు ఉన్న చోట నిలబడి, వీడియో నొక్కి, మెట్లెక్కడం మొదలుపెట్టింది. వెనక మెట్లు దిగి మల్గీలోకి వచ్చేసరికి ఆమె ముఖం పాలిపోయి ఉంది. కుర్చీపీట మీద కూర్చుని నీళ్ళు తాగింది. ఫోను అతని చేతిలో పెట్టింది.

తెర మీద మెట్లు కదిలాయి. పాన్ మరకల గోడ. చేతి కడ్డీ లేని మలుపు. అక్కడ బొమ్మ ఆగిపోయింది, తర్వాత మెల్లగా కదిలింది. మాటలేమీ లేవు. ఒక ఊపిరి మాత్రం వినపడుతోంది, తెగుతూ, అందుకుంటూ.

"గీ ఊపిరి ఎవ్వరిది మేడమ్?"

"నాదే."

"మీకు రెండు కాళ్ళు మంచిగనే ఉన్నయి కద."

డోరా చీర చెంగుతో మెడ తుడుచుకుంది.

బిచ్చయ్య వీడియో చివరిదాకా చూశాడు. మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నాడు. ఆ తర్వాత పానా వెతికి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

బోర్డు దించి, దాని దుమ్మంతా ఆ తువ్వాలుతోనే తుడిచాడు. నెత్తిన పెట్టుకుని నడిరోడ్డు మీదుగానే తెచ్చాడు. సందులో పార్సిల్ గోడౌన్ గోపాలరావు చూసి ఊరుకోలేదు.

"ఏందే బిచ్చయ్యా, పేరు మార్చుకున్నవా?"

"పేరు గదేనే. జాగ మార్చిన."

బోర్డు తలుపు పైన బిగించాక డోరా కిందికి చూసింది. గడప ముందు సన్నటి మురికి కాలువ. మనుషులు దాటేస్తారు. చక్రాల కుర్చీ దిగబడుతుంది. గోడౌన్ ముందు పడి ఉన్న పెట్టెల చెక్కల్లో వెడల్పాటిది ఒకటి ఆమె కంట్లో పడింది.

"గా చెక్క జర ఇయ్యన్నా."

"గీడ ఏది పెట్టినా మాయమైతది మేడమ్. పొద్దుగూకే లోపల వాపస్ రావాలె," అంటూనే గోపాలరావు దాన్ని తనే మోసుకొచ్చి కాలువ మీద వేసి, కాలితో తొక్కి చూశాడు.

దుకాణం ఇక్కడే ఉందని రుజువుగా మ్యాపు వాళ్ళకు ఒకే వీడియో పంపాలి. రోడ్డు నుంచి తలుపు దాకా మధ్యలో ఎక్కడా ఆపకూడదు. యజమాని తన చేత్తో తాళం తీయడం కూడా అందులో కనపడాలి. డోరా ఫోనును నడుము ఎత్తున, కుర్చీలో కూర్చున్న మనిషి కళ్ళుండే చోట పట్టుకుని నడిచింది. సగం దూరం వచ్చేసరికి గోపాలరావు తల దువ్వుకుంటూ అడ్డం నిలబడ్డాడు.

"అన్నా, వీడియో నీది కాదు, తాళంది."

"నేను గూడ గీ సందోన్నే కద!"

రెండోసారి సజావుగా అయింది. బిచ్చయ్య తాళం తీశాడు, షట్టరు ఎత్తాడు, లైటు వేసి తన పీట మీద కూర్చున్నాడు. పెళ్ళి ఫోటోకు కూర్చున్నంత బిగువుగా కూర్చున్నాడు.

"రెండు మూడు రోజులల్ల జవాబు వస్తది. ఫికర్ చెయ్యకు."

వెళ్ళబోతూ డోరా చెక్క తీయడానికి వంగింది. వంగి, మనసు మార్చుకుని లేచింది. "రేపొచ్చి నేనే ఇస్తనని గోపాలన్నకు చెప్పు," అని, నాంపల్లి స్టేషన్ వైపు మెల్లగా నడిచి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే ఇవాంజెలిన్ కాఫీ తెచ్చి పిలిస్తే డోరా లేవలేదు. నిద్రలోనే పోయింది. గుండె అన్నారు. సమాధుల తోటలో ప్రార్థన జరుగుతుంటే గోడ పక్కన కొందరు దుకాణాలవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళెవరో ఇవాంజెలిన్‌కు తెలియదు.

సోమవారం సాయంత్రం ఆమె బిచ్చయ్యకు ఫోను చేసింది. "అక్క ఫోనుల ఏదో వచ్చిందన్నా. మీ దుకాణం జాగ సరైందేనంట, ఒప్పుకున్నరంట. మీకు చెప్పాల్నని..."

"ఔనమ్మా," అన్నాడు బిచ్చయ్య. "ఇప్పుడే ఒకామె వచ్చింది. కొడుకును కుర్చీల తోసుకుంట వచ్చింది. ఎవ్వరినీ అడగలేదంట. సక్కగ వచ్చింది."

లోపల ఆ పిల్లవాడి పాదం అతని ఒళ్ళో ఉంది. అప్పుడే గోపాలరావు గోడౌన్ కట్టేస్తూ, ఇన్ని రోజులూ అడగని చెక్క కోసం అక్కడిదాకా వచ్చాడు. ఒక నిమిషం నిలబడి వెనక్కి వెళ్ళిపోయాడు. కాలువ మీద ఆ చెక్క అట్లాగే ఉంది. దాని మీద లోపలికి వెళ్ళిన రెండు చక్రాల తడి గీతలు ఇంకా ఆరలేదు.