ఉయ్యాల దాకా ఆగిన జవాబు

తలుపులమ్మ చేప కడుగుతూనే జవాబు చెప్పింది.

"ఆయ్, మా పావనిని బంగారంలా చూశారమ్మా ఆస్పత్రోళ్ళు. రాసుకో."

ట్రస్టు తరఫున ఆస్పత్రి సర్వేకి వచ్చిన వీరదుర్గ ట్యాబులో "చాలా బాగా" అన్నచోట నొక్కింది. లోపల పసిగుడ్డుని పొదువుకుని పడుకున్న కూతురు పావని గోడ వైపు తిరిగిపోయింది. అది వీరదుర్గ కంటపడింది.

ఆ పల్లెలోనే పుట్టి పెరిగిన మనిషికి అదేంటో ఒకరు చెప్పక్కర్లేదు. ఇరవై ఒకటో రోజున బిడ్డని ఉయ్యాల్లో వేసేదాకా బొడ్డు కోసిన చేతిని ఒక్క మాట అనకూడదు. అంటే బిడ్డకి తగులుతుందని భయం. అందుకే ఏ బాలింతని అడిగినా ఆస్పత్రికి నిండు మార్కులే పడేవి.

ఈసారి వీరదుర్గ ఆ జవాబు పంపకుండా ఆపింది. ఉయ్యాల వేడుక అయ్యాక మళ్ళీ వెళ్ళి, అవే ప్రశ్నలు అక్షరం మార్చకుండా అడిగింది.

"నొప్పులకి అరుస్తుంటే నర్సు తొడ మీద ఈడ్చి కొట్టిందక్కా," అంది పావని. "మొగుడి దగ్గర ఇలాగే అరిచావా అంది."

కూతురు తనకి కూడా చెప్పని మాట. తలుపులమ్మ చేతిలో చేప కత్తిపీట మీదే ఆగిపోయింది. ఆవిడ కోడలికి వచ్చే నెలే కానుపు. అదే ఆస్పత్రి.

వీరదుర్గ ఈ జవాబు పంపించింది. దాంతో సర్వేలన్నీ చూసే ట్రస్టు ఆఫీసరు లోకనాథ్ రాజమండ్రి నుంచి దిగాడు.

"కొంప ముంచారండి వీరదుర్గ గారూ! ఈ ప్రశ్నలు మనవి కావు, విదేశీ కంపెనీవి. కాపీరైటుంది. లైసెన్సు తీసుకుని వాడుకుంటున్నాం. బాలింత ఇంటికెళ్ళిన పది రోజుల్లోపే అడగాలని అందులో రాసుంది. దాటితే లైసెన్సు పోతుంది."

"పది రోజుల్లో మావాళ్ళు నిజం చెప్పరు సార్. ఆ కంపెనీకి ఉయ్యాల సంగతి రాయండి."

"రాశానండి. ఊరికో గడువైతే ఆస్పత్రుల్ని పోల్చి చూడలేమన్నారు. అదీ నిజమే కదా." లోకనాథ్ గొంతు తగ్గించాడు. "మొదట చెప్పిన జవాబే పంపేయండి. అది గడువులోదే. వచ్చే వారం ఆస్పత్రికి నాణ్యత సర్టిఫికెట్ వస్తుంది. అందరికీ మంచిది."

"తలుపులమ్మ పిన్ని కోడలికి కూడానా?"

లోకనాథ్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

వీరదుర్గ ట్యాబు ఆయన ఒళ్ళో పెట్టింది. మెళ్ళో గుర్తింపు కార్డు తీసి దాని మీద పడేసింది.

"ప్రశ్నలు మీ కంపెనీవి, పట్టుకెళ్ళండి. జవాబులు మావి. వాటికి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు."

"ఉద్యోగం పోతుందండి."

"పోయింది కదండీ. మీ ఒళ్ళోనే ఉంది."

సోమవారం చేపల వేలం అవగానే పల్లెలో ఆడవాళ్ళు వీరదుర్గ వెంట బుట్టలతోనే ఆస్పత్రికి నడిచారు. సూపరింటెండెంట్ గది నిండా నీచువాసన. ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"సర్వేలో మాకు మంచి మార్కులున్నాయమ్మా. మీరు చెప్పేది ఏ సర్వేలో ఉంది?"

"సర్వేలో లేదండి. ఆ దెబ్బ నా కూతురి తొడ మీద పడింది," అంది తలుపులమ్మ. "కొట్టినావిడని పిలవండి. వచ్చే నెల నా కోడలు ఇక్కడికే వస్తుంది. కానుపు గదిలో దాని పక్కన నేనుంటాను."

"బయటివాళ్ళని లోపలికి రానివ్వం. రూల్సు."

"అయితే ఆ రూలు మార్చేదాకా ఇక్కడే ఉంటాం," అంది వీరదుర్గ. ఎవరూ కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది. వెనక ఆడవాళ్ళు ఒక్కొక్కరే బుట్టలు దించారు.