బయటి తలుపు

మార్చి మూడో వారానికి కేంబ్రిడ్జ్‌లో కుర్రాళ్ళంతా సెలవులకు ఇళ్ళకు వెళ్ళిపోతారు. నది ఒడ్డున క్రోకస్ పూలు విచ్చుకుంటాయి. వాటిని చూడడానికి వచ్చినవాళ్ళ ముక్కులు చలిగాలికి ఎర్రబడతాయి. వసంతం వచ్చేసిందని ఆ ఊరివాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటారు గానీ, కోటు మాత్రం ఎవరూ విప్పరు.

1980లో సరిగ్గా ఆ వారంలో నోరా గ్రిమ్‌షా బర్న్‌లీ నుంచి మూడు రైళ్ళు మారి వచ్చింది. ఆమె కొడుకు కోలిన్ చనిపోయి పదమూడు నెలలైంది. వాడున్న గది ఒక్కసారి చూసుకుంటానని కాలేజీకి ఉత్తరం రాసింది. ఆ కాలేజీ పేరు మనకు అనవసరం. ఐదు వందల ఏళ్ళుగా ఉన్నామని అడగని వాళ్ళకు కూడా చెప్పుకునే కాలేజీ అది. గది చూపించే పని మేవిస్ హేలాక్‌కు అప్పజెప్పారు.

మేవిస్ అక్కడ బెడ్డర్. అంటే కుర్రాళ్ళ పక్కలు సర్ది, గదులు ఊడ్చి, వాళ్ళు తాగి వదిలేసిన కప్పులు కడిగే మనిషి. ఇరవై ఆరేళ్ళుగా అవే మెట్లు ఎక్కుతోంది, దిగుతోంది.

"ఆవిడ వచ్చేసింది, గేటు దగ్గర కూర్చోబెట్టాను," అన్నాడు కాపలాదారు స్టెర్న్, తాళాల గుత్తి అందిస్తూ. "నువ్వే తీసుకెళ్ళు మేవిస్. నేనొస్తే ఏదో ఒకటి వాగేస్తాను."

"నేను వాగననా?"

"నువ్వు నోరు విప్పి పదమూడు నెలలైంది కదా తల్లీ."

మేవిస్ గుత్తి అందుకుంది. అతనన్నది నిజమే.

ఆ కాలేజీలో ప్రతి గదికీ రెండు తలుపులుంటాయి. లోపలిది మామూలు తలుపు. బయటిది ఓక్ చెక్కతో చేసిన బరువైన తలుపు, దాన్ని ఓక్ అనే అంటారు. అది ఎప్పుడూ గోడకు ఆనించి తెరిచే ఉంటుంది. ఎవరైనా దాన్ని మూశారంటే, గదిలోనే ఉన్నాను, నన్ను పలకరించవద్దు అని అర్థం. మూసిన ఓక్‌ను ఎవరూ తట్టరు. ప్రొఫెసరైనా, ప్రాణస్నేహితుడైనా, బెడ్డరైనా అంతే. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు. రాసి ఉంటే ఎవరో ఒకరు మీరేవారు.

కోలిన్ పోయిన ఆ ఫిబ్రవరి ఉదయం ఏడున్నరకు మేవిస్ చీపురు, బకెట్ పట్టుకుని పైకెక్కేసరికి వాడి ఓక్ మూసి ఉంది. చదువుకుంటున్నాడు కాబోలు పాపం అనుకుని, అడుగుల చప్పుడు కాకుండా ముందుకు వెళ్ళిపోయింది. తర్వాత ఆ తలుపు ముందు నుంచి ఇంకో ఐదుగురు వెళ్ళారు. అందరూ మర్యాదస్తులే. లోపల కోలిన్ ఒంట్లో చక్కెర పడిపోయి, తెలివి తప్పి మంచం పక్కన పడి ఉన్నాడు. పదింటి దాకా ఊపిరి ఉండి ఉంటుందని డాక్టరు తర్వాత చెప్పాడు. వాడికి చక్కెర జబ్బని మేవిస్‌కు తెలుసు. "నేను పిచ్చిపిచ్చిగా మాట్లాడితే నా నోట్లో పంచదార బిళ్ళలు కుక్కెయ్ మేవిస్, డ్రాయరులో ఉంటాయి," అని వాడే నవ్వుతూ చెప్పాడు.

విచారణలో ఆమెను రెండే ప్రశ్నలు అడిగారు. ఎన్నింటికి వెళ్ళారు? ఆ అబ్బాయిని చూశారా? ఏడున్నరకు. చూడలేదు. తలుపు సంగతి ఎవరూ అడగలేదు. అడగవలసిన సంగతని కూడా అక్కడ ఎవరికీ తోచలేదు. తల్లికి మాత్రం కాలేజీ పెద్దాయన చక్కటి కాగితం మీద ఉత్తరం రాశాడు, మీ అబ్బాయి గదిలో ఉన్నట్టు ఎవరికీ తెలియదని. ఆ అబద్ధాన్ని మేవిస్ పదమూడు నెలలుగా మోస్తోంది. ఇవాళ చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేదు. చెబితే ఈ తల్లి ఏమైపోతుందో?

నోరా పొట్టి మనిషి. ఒళ్ళో పాత రేకు డబ్బా పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది.

"మేవిస్ గారంటే మీరేనా? మిమ్మల్ని ఎక్కడున్నా గుర్తుపట్టేదాన్ని. మావాడు ప్రతి ఉత్తరంలోనూ మీ గురించి రాసేవాడు," అంది లేచి నిలబడి. "ఇది అల్లం కేకు, నేనే చేశాను. ఇవిగో, ఇవి కూడా మీకే."

ఊదారంగు ఉన్నితో అల్లిన చేతిజోళ్ళు.

"మీ చేతులు ఎప్పుడూ మంచులా ఉంటాయని రాశాడు. వాడు పోయే నాటికి ఒకటి అల్లాను. రెండోది పూర్తి చెయ్యడానికే ఇన్నాళ్ళు పట్టింది. తొడుక్కోండి, చూస్తాను."

మేవిస్ తొడుక్కుంది. సరిగ్గా సరిపోయాయి. సరిపోకుండా ఉంటే బాగుండుననిపించింది.

మెట్లు ఎక్కుతూ నోరా రెండుసార్లు ఆగింది. గదిలో చూడడానికేమీ లేదు. మంచం మీద చుట్టిపెట్టిన పరుపు, బల్ల, కిటికీ అవతల తడిసిన పచ్చిక. నోరా కేకు డబ్బాను కింద పెట్టి, బల్ల మీద ఒకసారి చెయ్యి వేసి, వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది.

"ఇదేంటి, రెండు తలుపులున్నాయి? ఈ బయటిది దేనికి?"

చలికోసమనో, పాతకాలం తలుపనో అనేస్తే సరిపోయేది. ఆ అబద్ధం నాలిక చివరి దాకా వచ్చింది కూడా.

"అది మూస్తే లోపల మనిషి ఉన్నట్టమ్మా. కదిలించొద్దని చెప్పడం. మూసి ఉంటే మేమెవరమూ తట్టం."

"ఆ రోజు?"

"మూసి ఉంది."

మేవిస్ ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనన్నట్టు గబగబా చెప్పేసింది. ఏడున్నర, బకెట్, చప్పుడు కాకుండా వేసిన అడుగులు, డ్రాయరులో పంచదార బిళ్ళలు, అన్నీ.

"ఎవరికీ తెలియదని రాశారే నాకు."

"అందరికీ తెలుసమ్మా. తెలుసు కాబట్టే ఎవరూ తట్టలేదు."

నోరా ముఖం పాలిపోయింది. "బయటికి వెళ్ళు," అంది. అంతవరకూ వాడిన 'మీరు' పోయింది. మేవిస్ గుమ్మం దాటగానే లోపలి తలుపు మూసుకుంది. మరుక్షణం అదే తలుపు తెరుచుకుని, చిన్న చెయ్యి ఒకటి బయటికి వచ్చి ఓక్‌ను పట్టి లాగింది. అది దభీమని మూసుకుని, దానంతటదే తాళం పడింది.

మేవిస్ మెట్ల మీద నిలబడిపోయింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు ఆమెను కిందికి పొమ్మంది. ఆవిడ కావాలనే వేసుకుంది, ఏడవనీ, తట్టడం మర్యాద కాదు అంది. గడియారం పావు గంట కొట్టింది. లోపల చప్పుడు లేదు. ఏడుపు కూడా వినిపించలేదు. మరో పావు గంట కొట్టింది.

చెయ్యెత్తి తట్టింది. ఉన్నిజోడు వల్ల శబ్దమే రాలేదు. పళ్ళతో పట్టుకుని జోడు లాగేసి, పిడికిలి బిగించి బాదింది.

"నోరా! నోరా!"

జవాబు లేదు. గుత్తిలోంచి తాళంచెవి తీసి, తిప్పి, ఓక్‌ను లాగి, లోపలి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

నోరా మంచం అంచున కోటుతోనే కూర్చుని ఉంది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"అరగంట పట్టింది," అంది.

"అవును."

"తాళంచెవి నీ దగ్గరుందన్నమాట."

"ఉంది."

"ఆ రోజూ ఉందా?"

"ఆ రోజూ ఉందమ్మా." మేవిస్ ఇక ఆపుకోలేకపోయింది. చేతిలో ఉన్నిజోడు పట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. నోరా ఆమెను ఊరుకోబెట్టలేదు. తర్వాత మంచం మీద కొంచెం పక్కకు జరిగింది.

"నాకు కోపం తగ్గలేదు. తగ్గుతుందో లేదో కూడా తెలీదు," అంది. "ఇలా వచ్చి కూర్చో. ఆ తలుపు మాత్రం తెరిచే ఉంచు."

మేవిస్ వెళ్ళి ఓక్‌ను గోడదాకా తోసింది. మళ్ళీ పడిపోకుండా అల్లం కేకు డబ్బాను దానికి అడ్డం పెట్టి, వచ్చి పక్కన కూర్చుంది.