గడ్డం కింద ముడి

"నీళ్లు కాగాయా?" అని మొగుడు వసారాలోంచి కేకేశాడు. ఆ నీళ్లతో కడగబోయేది ఎవరినో ఆయనకు పట్టినట్టు లేదు. బల్ల మీద పడుకోబెట్టింది ఆమె సొంత చెల్లెలి శవాన్ని.

పెద్దగురువు ఏలుబడిలో ఉన్న ఆ పేటలో, చనిపోయినవాళ్లని పూడ్చేముందు ఒక్కసారి లేపుతారు. మందిరంలో అందరి ముందూ "శాంతిగా వెళ్తున్నావా?" అని అడుగుతారు. లేపే స్వామి అన్న పేరు మొగుడిది. అరికాళ్లు రుద్ది, చెవిలో ఊపిరి ఊది, పోయిన ప్రాణాన్ని బతిమాలి తెచ్చేది మాత్రం ఆమె. ఆ విద్య వాళ్లమ్మ నేర్పింది. ఆయన చేసేదల్లా గంట కొట్టి ప్రశ్న అడగడం. ఆ మాత్రానికే అలసిపోయానని ఇంటికొచ్చి కాళ్లు పట్టించుకుంటాడు మహానుభావుడు! "అంతా మావాడి చేతి మహిమ," అని అత్తగారు పేటంతా చెప్పుకుంటుంది. ఆమెతో మాత్రం, "నీళ్లు కాచడం కూడా ఒక పనేనా?" అంటుంది.

మగవాళ్లు నోటితోనే జవాబు చెబుతారు. ఆడవాళ్లకి మాత్రం గడ్డం కిందనుంచి నడినెత్తికి గుడ్డ బిగించి కట్టాలి. అది పెద్దగురువు పెట్టిన కట్టడి. ఆ గుడ్డ కొస, తెరచాటున కూర్చున్న ఆమె చేతిలో ఉంటుంది. ప్రశ్న పడగానే మెల్లగా లాగితే తల ఊగుతుంది. "ఎంత తృప్తిగా పోతోందో తల్లి!" అని జనం కళ్లొత్తుకుంటారు. లాగిన ప్రతిసారీ అవతలనుంచి ఎవరో ఎదురు లాగినట్టు ఉండేది. బిగుసుకుపోయిన మెడ కదా అని సరిపెట్టుకునేది. లేకపోతే అన్నం ఎలా దిగుతుంది?

చెల్లెలు పెద్దగురువు ఇంటి కోడలు. మెట్ల మీంచి జారిపడిందన్నారు. వీపు కడుగుతుంటే రెండు భుజాల మీదా వేళ్ల గుర్తులు కనిపించాయి. వాగుడుకాయ అని దీన్ని ముద్దుగా పిలిచేది అమ్మ. నిద్రలో కూడా కబుర్లు చెప్పేది పిచ్చిది. ఆ ఇంటికి వెళ్లాక ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

మొగుడు లోపలికి తొంగిచూశాడు. "గట్టిగా బిగించు. దీని నోటికసలే తాళం లేదు."

"బిగించానండీ," అంది ఆమె. గుడ్డ మడతపెట్టి ఒళ్లోనే ఉంది.

మందిరం కిటకిటలాడుతోంది. పెద్దగురువు ముందు వరసలో కూర్చున్నాడు. గంట మోగింది. తెరచాటునుంచి వంగి ఆమె చెల్లెలి చెవిలో ఊపిరి ఊదింది. చల్లటి వేళ్లు వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాయి.

"శాంతిగా వెళ్తున్నావా?" అని అడిగాడు మొగుడు. తల ఊగలేదు. చిన్నగా దగ్గాడు. "లాగవే!" అని పళ్లు నూరాడు.

"ఏం లాగమంటారు? నేను కట్టందే!"

చెల్లెలు గొంతు సవరించుకుంది. "కూర్చో బావా, చాలా చెప్పాలి. మామగారూ, మీరెక్కడికి లేస్తున్నారు? మీరు నన్ను తోసిన మెట్ల దగ్గర్నుంచే మొదలుపెడతాను."

మందిరం వెనక మట్టి కిందనుంచి, గడ్డాలకు గుడ్డలు కట్టిన ఆడవాళ్లందరూ ఒక్కసారిగా "ఊఁ" కొట్టారు.