సగంలో ఆగిన పాఠం

పలాస జీడి కార్ఖానా నుంచి తెచ్చిన పప్పుబుట్ట ముందు సుభద్రమ్మ కూర్చుని గంట దాటింది. గింజ మీది ఎర్రపొట్టు ఒలవాలి, బద్ద విరగకూడదు. మొన్నమొన్నటి దాకా ఆ పని కూతురిది. అనూరాధకి పుట్టుకతోనే చూపు లేదు. అయితేనేం, పొట్టు ఎక్కడ అతుక్కుందో ఆ పిల్ల వేళ్ళకి తెలిసినట్టు తల్లి కళ్ళకి తెలిసేది కాదు. అందుకని ఇద్దరూ పని మార్చుకున్నారు. కూతురు ఒలిచేది, తల్లి పక్కన కూర్చుని ఆమె పాఠాలు చదివి వినిపించేది. ఇంటరు రెండేళ్ళూ, డిగ్రీ రెండేళ్ళూ అలాగే గడిచాయి.

సుభద్రమ్మ చదువు ఏడో తరగతితో ఆగింది. మొదట్లో కూడబలుక్కుని చదివేది. పోనుపోను చరిత్ర పాఠాల్లోని రాజుల మీద కోపమొచ్చి మధ్యలో తిట్లు కూడా కలిపేది. ఓసారి పరీక్షలో అనూరాధ తల్లి తిట్టుతో సహా జవాబు చెప్పేస్తే, పక్కన కూర్చుని రాసే పిల్ల నవ్వాపుకోలేక కలం జారవిడిచిందట. ఆ సంగతి వీధిలో పదిమందికి చెప్పుకుని మురిసిపోయింది సుభద్రమ్మ. "మా గుంటకి నా నోరే సదువు" అనేది కూతుర్ని చూపించి.

ఇప్పుడా నోటితో పనిలేదు. ఎచ్చెర్లలో పాఠాలు చెప్పే విక్టర్ మేష్టారికీ చూపు తక్కువే. ఆయన వచ్చి అనూరాధ కొత్త ఫోనుకి మాటలొచ్చేలా సర్ది వెళ్ళారు. తెర మీద వేలు పెడితే అక్కడేముందో చెబుతుంది. పుస్తకాలూ చదువుతుంది. దానికి దగ్గు రాదు, పొయ్యి మీద కూర మాడదు. అనూరాధ చెవుల్లో తీగలు పెట్టుకుని, తెర మీంచి చెయ్యి తీయకుండా గోడవైపు తిరిగి కూర్చుంటుంది. ఒక్కోసారి తనలో తను నవ్వుకుంటుంది. ఆ నవ్వు చూసినప్పుడల్లా సుభద్రమ్మకి ఒళ్ళు మండిపోయేది.

"అంత జోరుగా వాగితే నీకేటి తెలుస్తాదే?" అని అడిగింది ఒకరోజు.

"నువ్వు వారం రోజులు సదివింది గంటలో అయిపోతాదమ్మా" అంది కూతురు, మామూలుగానే.

పక్కింటి తవిటమ్మ విననే వింది. "ఇంకేటి వదినా, నీకు సెలవులిచ్చీసింది నీ కూతురు!"

ఆ మర్నాడు అనూరాధ స్నానానికెళ్ళింది. ఫోను మంచం మీదుంది. సుభద్రమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని దాన్ని తీసింది. దీని నోరు మూయించే మీట ఎక్కడో ఉంటుంది. పాడైందనుకుని పిల్ల మళ్ళీ పుస్తకం తెచ్చి తన ఒళ్ళో పెడుతుంది. చెవితీగ లాగేసి వేలు పెట్టింది.

"బ్యాటరీ డెబ్బై రెండు శాతం" అని గట్టిగా అరిచింది ఫోను.

ఉలిక్కిపడి ఇంకోచోట నొక్కింది. "సెట్టింగులు."

"ఓలమ్మ, ఊరుకోయే!"

నొక్కినదాని పేరు చెప్పడమే గాని ఒక్కటీ తెరుచుకోదు. దానికి రెండుసార్లు తట్టాలని ఆమెకేం తెలుసు? తలగడ కింద దోపబోతే వేలు తగిలి అక్కణ్ణుంచీ పలికింది.

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది.

"అమ్మా, నా ఫోనుతో ఏటి సేస్తన్నావు?"

"దుమ్ము తుడుస్తన్నాను."

"దుమ్ము సెట్టింగుల్లో ఉన్నాదేటి?"

అనూరాధ తడిజుట్టుతో బయటికొచ్చి చెయ్యి చాపింది. సుభద్రమ్మ ఫోను ఇవ్వలేదు.

"దీన్నోరు కట్టీద్దామనే తీసేను. ఏటి సేస్తావో సెయ్యి."

"ఎందుకమ్మా?"

"ఎందుకా? పాఠంలో ఆ ఫ్రాన్సు ఆడోళ్ళని వానలో ఒదిలీసినావు. రొట్టె కోసం రాజు కోటకి నడుస్తన్నారు, ఫిరంగి కూడా లాక్కెళ్తన్నారు. ఆ పేజీకాడ పుస్తకం మూసీసి మర్నాటి నుంచీ దీన్నెట్టుకున్నావు. నీకు పాఠం అయిపోయింది. మరి నాకో?"

అనూరాధ చాచిన చెయ్యి దించింది. "పుస్తకం అక్కడే ఉన్నాది కదమ్మా. సదువుకోవచ్చు కదా."

"నీకోసమంటే సదివేను. నాకోసం పుస్తకం పట్టుకుని కూకుంటే ఈదిలో ఏటంటారే? పప్పెవులు ఒలుస్తారు?"

"నీ గొంతు నొప్పెడతాదని, నీకు కాస్త..."

"నొప్పని నేనన్నానా ఎప్పుడైనా?"

అనూరాధ మంచం అంచు తడుముకుని కూర్చుంది. "సరే. దీనిసేత పైకి సదివిస్తాను, ఇను."

"దాన్నోటంట నేనినను. నువ్వు సెప్పు."

జుట్టు పిండుకుంటూ చెప్పింది అనూరాధ. ఆడవాళ్ళు తడుస్తూనే కోట చేరారు. ఆ రాత్రి అక్కడే ఉన్నారు. తెల్లారేసరికి లోపలికి చొరబడ్డారు. రాజునీ రాణినీ బండెక్కించి ఊళ్ళోకి తెచ్చేశారు.

"పిల్లలో?"

"పిల్లల్ని కూడా."

"రాజేటన్నాడు?"

"వస్తానన్నాడు."

"ఇంతేనా?"

"పుస్తకంలో ఇంతే అమ్మా."

సుభద్రమ్మ ఫోను ఇవ్వకుండా ఒళ్ళో పెట్టుకుని పప్పుబుట్ట దగ్గరికి లాక్కుంది.

"నేను సదివుంటే ఇంకా ఉండును" అంది.