విమానం దిగిన సక్కుబాయికి కనబడ్డ అక్షరాలు

ఆ రోజు విమానాశ్రయం గేటు ముందు సక్కుబాయి కూలబడి అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు. ఆ అరుపు ఎందుకో తెలియాలంటే ముందు మా ఆయన అక్షరాల సంగతి చెప్పాలి.

మా ఆయన పేరు దావీదు. శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో బోర్డులు రాసేవాడు. కిరాణా కొట్టయినా, మా చర్చి గేటయినా, పహాడీ షరీఫ్ దారిలో హోటలైనా, ఆయన కుంచె తగలని గోడ లేదంటే నమ్మండి. ఆయన పెట్టే తలకట్టు కొడవలిలా వంగి, కొసకు వచ్చేసరికి సన్నబడి ఆగేది. నేను నాలుగో తరగతిలోనే బడి మానేసినదాన్ని. పేపరు చదవాలంటే కూడబలుక్కోవాలి. కానీ ఆయన రాసిన బోర్డును మాత్రం పరుగెత్తే బస్సులోంచి కూడా గుర్తుపట్టేదాన్ని. తరువాత ఫ్లెక్సీలు వచ్చాయి. బోర్డులు ఒక్కొక్కటే దిగిపోయాయి. ఆ తరువాత ఆయన కూడా పోయాడు. ఇక ఆ అక్షరాలను ఈ కళ్లతో చూడనని అనుకున్నాను.

మా మనవరాలు వినీల కంప్యూటర్ చదువు చదివింది. ఒకరి కింద చేయకుండా, అడిగినవాళ్లకు తనే యాప్‌లు చేసి ఇస్తుంది. శంషాబాద్‌లో కార్లు తిప్పే రాజశేఖర్ ఆమెను ఒక యాప్ అడిగాడు. విమానం దిగేవాళ్ల కోసం డ్రైవర్లు అట్టముక్కల మీద పేర్లు రాసి పట్టుకొని నిలబడతారు చూడండి, ఆ అట్ట బదులు ఫోన్లోనే పేరు పెద్దగా కనబడాలి. మనవాళ్లకు తెలుగులోనే కనబడాలి. అదీ పని.

ఒక రోజు నేను చిక్కుడుకాయలు తుంచుతూ ఉంటే వినీల వచ్చి ఫోన్ నా ముందు పెట్టింది. దాంట్లో 'స్వాగతం' అని ఉంది. నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"గిదేందే? ఈ అక్షరాలు నీకెట్ల దొరికినయ్?"

"గుర్తువట్టినవా నానమ్మా?"

"గుర్తువట్టకపోవుడేంది! గిది మీ తాత చెయ్యి."

"అవ్. తాత అక్షరాలు ఫోటోలు దీసుకొని, ఒక్కొక్కటి మళ్ల గీసి, ఫాంట్ చేసిన. ఇగ ఏ పేరు కొట్టినా తాత రాసినట్టే వస్తది."

"బోర్డులన్నీ పాయె గదా. ఫోటోలు యాడికెళ్లి దీసినవ్?"

"దొరికినయ్ తీయ్" అని లేచి వెళ్లిపోయింది. సంతోషంలో నేను ఇంకేమీ అడగలేదు. అడిగి ఉండాల్సింది.

రాజశేఖర్‌కు మాత్రం ఆ అక్షరాలు అంతగా ఎక్కలేదు. ఫోన్‌తో వచ్చిన మామూలు అక్షరాలకు ఏమైందన్నాడట. వినీల పట్టు విడవలేదు. చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. ఒక రోజు గేటు దగ్గర వాడి చూడాలి. ఏ తంటా రాకపోతే మా ఆయన అక్షరాలు ఉంటాయి. వస్తే వాటిని తీసేసి మామూలువి పెట్టాలి. అంటే ఆయన చేతి రాత ఈ లోకంలో మిగిలేదీ లేనిదీ ఆ ఒక్క రోజు మీద పడింది. నేను ఇంట్లో ఎలా కూర్చుంటాను? మంచి చీర కట్టుకొని వినీల వెంట బయలుదేరాను.

ఆ రోజు రావలసింది మా ఊరి సక్కుబాయే. ముంబైలో కూతురు భాగ్యలక్ష్మి దగ్గరికి రైల్లో పోయింది. మోకాళ్లు పట్టేశాయని కూతురు తిరిగి విమానంలో పంపుతూ, ఇక్కడ రాజశేఖర్ కారు మాట్లాడింది. సక్కుబాయి విమానం ఎక్కడం అదే మొదలు. మాది చర్చి ఇల్లు, వాళ్లది బోనాలెత్తే ఇల్లు, అయినా మా ఆయనను అన్నా అని, నన్ను వదినె అని పిలిచే మనిషి. నన్ను గేటు దగ్గర చూస్తే ఎంత సంబరపడుతుందో అనుకున్నాను.

జీవన్ అనే డ్రైవరు అక్కడ సిద్ధంగా ఉన్నాడు. దుబాయ్‌లో ఉన్న అన్న పంపిన ఖరీదైన ఫోన్ అతనిది. రాజశేఖర్ కూడా నల్ల కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకొని పక్కనే నిలబడ్డాడు. జీవన్ యాప్ తెరిచి పేరు నొక్కాడు. 'సక్కుబాయి' అని వచ్చింది. పేరు సరిగ్గానే ఉంది. కానీ అవి మా ఆయన అక్షరాలు కావు! ఎక్కడ చూసినా కనబడే ఆ పీలగా, గుండ్రంగా ఉండే అక్షరాలు.

"వినీలా, మీ తాత ఏడే?" అన్నాను.

వినీల తన ఫోన్ తీసి చూసుకుంది. దాంట్లో ఆయన ఉన్నాడు. జీవన్ ఫోన్‌లో లేడు. పిల్ల ముఖం పాలిపోయింది.

రాజశేఖర్ నవ్వాడు. "ఏందమ్మా, పని షురూ గాకముందుకే నీ ఫాంట్ హర్తాళ్ చేసిందా?"

"జర ఆగు శేఖరన్నా, విమానం ఇంక దిగలే గదా" అని వినీల అక్కడి బెంచీ మీదే ల్యాప్‌టాప్ తెరిచింది. జీవన్ ఫోన్‌కు వైరు తగిలించింది. వేళ్లు టకటకా ఆడుతున్నాయి.

"ఏమైందో నాకు గూడ జర చెప్పరాదే" అన్నాను.

తల ఎత్తకుండానే అడిగింది. "తాతను వాళ్లమ్మ ఇంట్ల ఏమని పిలిచేది?"

"సాయిలు అని. బాప్తిస్మమైనంక పేరు మారినా ఆమె నోరు తిరగలే."

"చర్చిల?"

"దావీదు."

"చర్చిల నిలవడి సాయిలూ అంటే ఎవరన్న పలుకుతరా? ఇది గూడ గంతే. నా ఫోనేమో ఫైలుకు బయట పెట్టిన పేరుతోటి ఫాంట్‌ను పిలుస్తది. జీవనన్న ఫోనేమో ఫాంట్ లోపల రాసున్న పేరుతోటి పిలుస్తది. నేను బయటొక పేరు, లోపలొక పేరు పెట్టిన. ఎవరు పలకకపోయేసరికి ఆ ఫోన్ దాని సొంత అక్షరాలు ఏసుకుంది."

"మరి రెండు ఒక్కటే జెయ్యి!"

"గదే చేస్తున్న నానమ్మా, జర ఊపిరి తీసుకోనియ్."

కాసేపటికి జీవన్ ఫోన్ చీకటై మళ్లీ వెలిగింది. కొడవలి తలకట్టుతో 'సక్కుబాయి' నిలబడింది. 'బా' దీర్ఘం ఆయన లాగినట్టే ఉంది. నేను చేతులు జోడించాను. రాజశేఖర్ కూడా "మంచిగనే ఉన్నయ్ గని" అని సణిగాడు. ఆ తప్పు అలాగే ఉండిపోయి ఉంటే తరువాత జరిగింది జరిగేదే కాదు. మేమే సరిచేసి మరీ తెచ్చుకున్నాం.

జనం బయటికి రావడం మొదలైంది. పెట్టెలు, పిల్లలు, పూలదండలు. వాళ్ల మధ్యలో ఆకుపచ్చ చీరలో సక్కుబాయి సంచి గుండెకు హత్తుకొని, అడుగులో అడుగేస్తూ వస్తోంది. జీవన్ ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. ఆమె చూపు అందరి మీద తిరిగి తిరిగి ఫోన్ మీద ఆగింది.

అంతే. మనిషి కొయ్యబారింది. సంచి జారిపోయింది. కళ్లు తేలేసి, అక్కడే నేల మీద కూలబడి ఒక్క అరుపు అరిచింది.

"అయ్యో దేవుడా! పోయిన్నా నేను! విమానం కూలిందా!"

ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు. తుపాకీ పట్టుకున్న జవాను పరుగెత్తి వచ్చాడు. జీవన్ వంగి, "పెద్దమ్మా, ఏమైంది? నేను మీ డ్రైవర్‌ను" అన్నాడు.

సక్కుబాయి అతని గడ్డం పట్టుకుంది. "గింత చిన్న వయసుల నువ్వెట్ల సచ్చిపోయినవ్ బిడ్డా?"

నేను జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయాను. నన్ను చూసి ఇంకా గట్టిగా ఏడుపందుకుంది. "వరమ్మ వదినె! నువ్వెప్పుడు పోయినవే? నాకొక్కలు గూడ ఫోన్ జెయ్యలే!"

"నోరు ముయ్యవే, నేను సచ్చుడేంది! ముట్టుకొని చూడు, ఒళ్లు వెచ్చగున్నది" అని ఆమె చేయి నా చెంపకు ఆనించుకున్నాను. నీళ్లు తాగించాను. ఆమె వేలు మాత్రం ఇంకా ఫోన్ వైపే చూపిస్తోంది.

"గది నా రాయి మీది పేరు వదినె. మా ఆయన పక్కన దావీదన్న రాసింది. అదే. సుక్క గూడ తేడా లేదు."

అప్పుడు నాకు ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. ఆమె భర్త కుర్మయ్య పోయినప్పుడు చేను గట్టున సమాధి గద్దె కట్టించి, పేరు రాయమని మా ఆయనను పిలిచింది. ఆయన రాయడం అయ్యాక, "రంగు డబ్బ ఎట్లగూ తెరిసే ఉంది, ఆయన పక్కన నా పేరు గూడ రాసెయ్ అన్నా, రేపు నీకోసం ఎవరు తిరుగుతరు" అందట. బతికున్న మనిషి పేరు సమాధి మీద రాయలేక ఆయన చాలాసేపు తటపటాయించాడు. ఆమె వింటేనా! చివరికి పేరు రాసి, కింద తేదీ జాగా ఖాళీగా వదిలి వచ్చాడు. ఆ పూట ఇంట్లో అన్నం కూడా సరిగ్గా తినలేదు.

నేను వినీల వైపు తిరిగాను. "నువ్వు ఫోటోలు దీసింది..."

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "తాత అక్షరాలు ఇంక యాడున్నయ్ నానమ్మా? సమాధులకు ఎవ్వరు ఫ్లెక్సీ కట్టరు గదా. మన చర్చి తోటల, చేన్ల గట్ల మీద, అన్నీ అక్కడియే."

ఇంట్లో నేను మురిసిపోయిన 'స్వాగతం' ఎవరెవరి తలల దగ్గరి నుంచి వచ్చిందో అనుకుంటూ చేతులు కొంగుకు తుడుచుకున్నాను.

రాజశేఖర్ నుదుటి మీద కళ్లద్దాలు ఊడి కింద పడ్డాయి. "సమాధుల రాతలా? నా కార్లకా? తీసెయ్ బిడ్డా, ఇప్పుడే తీసెయ్! పైసలిచ్చి ఎక్కే మనిషికి స్వర్గం తొవ్వ చూపెట్టాల్నా?"

వినీల ల్యాప్‌టాప్ తెరిచింది. నేనేం అనగలను? మాట అంటే మాటే. ఆయన్ని రెండోసారి సాగనంపుతున్నట్టు ఉంది నాకు. ఫోన్‌లో ఆ 'బా' దీర్ఘాన్ని ఒక్కసారి తడిమాను.

అప్పుడు జీవన్, "పెద్దమ్మా, నీకు చదువొస్తదా?" అని అడిగాడు.

"చదువా? ఏలిముద్ర దాన్ని. బిడ్డేమో నీ పేరు పట్టుకొని మనిషి నిలవడ్తడు పో అని పంపించె. చదువు రాదు, ఎట్ల గుర్తువట్టాలెనని విమానంల ఉన్నంతసేపు ఎల్లమ్మకు మొక్కుకుంటనే ఉన్న. నాకెరికైన రాత లోకంల గదొక్కటే. పండుగ పండుగకు రాయి కడిగి పసుపు వెడ్త గదా, చూసి చూసి ఎరుకైంది."

రాజశేఖర్ నమ్మలేదు. పక్క డ్రైవరు చేతిలోని అట్ట లాక్కొని, వెనక వైపు పెన్నుతో ఆమె పేరే పెద్దగా రాసి చూపించాడు. "గిదేంది సెప్పు?"

సక్కుబాయి అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఏమో కొడుకా. చీమలు వాకినట్టున్నది."

రాజశేఖర్ ఆ అట్ట వంకా, ఫోన్ వంకా చూస్తూ నిలబడిపోయాడు. జీవనే అందుకున్నాడు. "అన్నా, ఆ అక్షరాలు గాకుంటే పెద్దమ్మ నన్ను దాటి పోయి ఏ తొవ్వల వడునో. గంత దూరంకెళ్లి గుర్తువట్టింది."

"గుర్తువట్టి సచ్చినంత పని చేసింది!" అన్నాడు గానీ, వంగి కళ్లద్దాలు తీసుకున్నాడు. వినీల ల్యాప్‌టాప్ మూత తనే మూశాడు. "ఉండనియ్. యాడికెళ్లి తెచ్చినవో మాత్రం నా డ్రైవర్లకు గూడ చెప్పకు. మన ఊరోళ్లు దిగేటప్పుడు ముందుగాల ఫోన్ జేసి, బతికే ఉన్నరని చెప్పు."

కారులో సక్కుబాయి నా పక్కన కూర్చుంది. పేరు ఆర్పవద్దని జీవన్ ఫోన్ అడిగి ఒళ్లో పెట్టుకుంది. చాలాసేపు దాన్నే చూసింది. "వదినె, దీని కింద తేదీ జాగ లేదే" అంది చివరికి. ఇద్దరం పకపకా నవ్వాం. నవ్వీ నవ్వీ ఆగినాక ఆమె అడిగింది.

"దావీదన్న రాయి మీద ఎవరు రాసిన్రు?"

"ఎవరున్నరు రాయడానికి? మైలార్‌దేవ్‌పల్లి దుకాణంల మిషన్ తోటి చెక్కిచ్చినం. మంచిగనే ఉంటది గని, ఆయన రాత గాదు."

ముందు సీట్లో ఉన్న వినీల ఆ మాట విన్నది. తన ఫోన్‌లో ఏదో కొట్టి, వెనక్కి తిరగకుండానే నా చేతికి అందించింది.

'దావీదు' అని ఉంది. ఊరందరి పేర్లు రాసిన మనిషి, తన పేరు మాత్రం ఏ గోడ మీదా రాసుకోలేదు. ఆ చేతితో ఆ పేరు నేను చూడడం అదే మొదలు. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, ఇల్లు వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నన్ను ఎరిగినవాళ్లు ఈ ఒక్కటి మాత్రం నమ్మరు.